చూపు తగ్గాక మా మామగారు వాదించిన కేసు

మా మామగారు ఈ ఎండాకాలం మొదట్లో పోయారు. పొద్దున కాఫీ తాగి వీధి వరండాలో పేము కుర్చీలో కూర్చున్నారు. నేను రోజూలాగే పేపరు తీసుకుని పక్కన కూర్చోబోతుంటే, "ఇయ్యాల చదవద్దులే అమ్మా, ఊరికే కూర్చో" అన్నారు. కూర్చున్నాను. ఎదురింటివాళ్ళు వాకిట్లో నీళ్ళు చల్లుకుంటున్నారు. కాసేపటికి ఆయన చెయ్యి కుర్చీ మీదినుంచి జారి కిందికి వేలాడింది. పిలిచాను. పలకలేదు.

మామగారి పాత గుమాస్తా కోర్టుకు పరుగెత్తాడు. మామగారు ఆ మెట్లెక్కడం మానేసి ఏళ్ళు గడిచాయి. అయినా అరగంటలో మా వీధి నల్లకోట్లతో నిండిపోయింది. ఉద్యోగమంతా సర్కారు తరఫున ఆయనకు ఎదురు నిలిచిన ప్రాసిక్యూటరు గారు చెప్పులు విప్పి మా అరుగు మీద కూలబడి, "ఈ మనిషి ఒక్కరోజన్నా నా మీద గొంతెత్తినాడా? లేదే" అని, ఎవరినీ కాకుండా గోడను అడిగారు.

నెల్లూరిలో మా మామగారిని 'ముద్దాయిల ప్లీడరు' అనేవారు. ఆ పేరు పెట్టినవాళ్ళు పొగడడానికి పెట్టలేదు. ఆయన మాత్రం దాన్ని బోర్డు మీద రాయించుకున్నంత ఇష్టంగా మోశారు.

ఆయనది చిల్లకూరు వైపు వరిపొలాల మీద బతికిన కుటుంబం. మద్రాసులో లా చదివి వచ్చి, మొదట్లో పొలాల గట్ల తగాదాలు, కాలవ నీళ్ళ తగాదాలు చూసుకునేవారట. అప్పుడే కోర్టువారు ఒక దిక్కులేని ముద్దాయి తరఫున వాదించమని ఆయనకు ఒక కేసు అప్పగించారు. కుర్రతనం. సాక్షి ఒక ముసలి గొర్రెలకాపరి. మామగారు గౌను ఎగరేసి, బల్ల గుద్ది, ఆ ముసలాయన మీద అరిచారట. ముసలాయన హడలిపోయి, అప్పటిదాకా తడబడుతున్న మాటనే గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. ముద్దాయికి ఉరిపడింది. ఉరికి ముందురోజు మామగారు జైలుకు వెళ్ళి అతన్ని చూసి వచ్చారు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో అత్తగారికి కూడా చెప్పలేదు. ఆ తర్వాత పొలాల కేసులు వదిలేసి పూర్తిగా క్రిమినల్ వైపు వచ్చేశారు. ప్రాసిక్యూటరు పదవి ఇస్తామని పెద్దవాళ్ళు కబురు చేసినా పోలేదు.

"సాక్షిని భయపెడితే అబద్ధం గట్టిపడుతుందమ్మా" అని నాతో ఎన్నోసార్లు అన్నారు. ఆ మాట అన్నప్పుడల్లా గొంతు కొంచెం తగ్గేది.

నయాపైసలు అప్పుడప్పుడే చేతికి వస్తున్న రోజుల్లో నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. ఎస్సెల్సీ పాసయ్యాను. మావారు కాలేజీలో పాఠాలు చెప్పేవారు. కోర్టు ఛాయలకు పోయేవారు కాదు. మామగారు కాగితాలను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఆపైన ముక్కుకు ఆనించి చదవడం నేను వచ్చిన కొత్తలోనే చూశాను. కళ్ళకు నీటికాసులు. మద్రాసు డాక్టర్లు, పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది ఎన్నాళ్ళు ఉంటుందో చెప్పలేమని అన్నారు. ఇంటికి వచ్చి ఆ సంగతి భోజనాల దగ్గర చెప్పి, "మజ్జిగ పొయ్యి" అన్నారు.

గుమాస్తా చదివితే ఆయనకు నచ్చేది కాదు. అతను అన్నిటినీ ఒకే రాగంలో చదివేవాడు. ఒకరోజు నేను కాఫీ ఇవ్వడానికి వెళ్తే, "అమ్మా, ఈ పేజీ నువ్వు చదువు" అన్నారు. చదివాను. అది గాయాల సర్టిఫికెట్టు. మధ్యలో ఆగిపోయాను. ఆయన తొందరపెట్టలేదు. "మనిషికి తగిలిన దెబ్బ గదా, అట్టనే ఉంటుంది. నీళ్ళు తాగి చదువు" అన్నారు.

అలా నేను ఆయనకు చదివిపెట్టేదాన్నయ్యాను. తర్వాత రిక్షాలో కోర్టుకు తీసుకెళ్ళేదాన్ని కూడా అయ్యాను. ఇంట్లో అత్తగారు, బయట బంధువులు గొణిగారు. కోడలు కోర్టులో ఏమిటన్నారు. మామగారు అత్తగారితో, "నేను పడతా లేస్తా పోయేది చూస్తావా, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని పోయేది చూస్తావా, నువ్వే చెప్పు" అన్నారు. మర్నాడు పొద్దున ఆవిడ ఆయన కోటుతోపాటు నా చీర కూడా ఇస్త్రీ చేయించి ఉంచారు.

ఆయనకు కొన్ని అలవాట్లుండేవి. ముద్దాయి ఇంటివాళ్ళు వస్తే ముందు భోజనం చేశారా అని అడిగేవారు, కేసు సంగతి తర్వాత. ముద్దాయిని 'వాడు' అననిచ్చేవారు కాదు, పేరు పెట్టి పిలవమనేవారు. "ఫిర్యాదికి సర్కారుంది, పోలీసులున్నారు. ఆ బోనులో మనిషికి నేను తప్ప ఇంకెవురున్నారు?" అనేవారు. తీర్పు వచ్చే రోజు పొద్దున ఏమీ తినేవారు కాదు. గెలిచినా ఓడినా సాయంత్రం మాత్రం ఆకలి అని పిల్లాడిలా వంటింటి గుమ్మంలో నిలబడేవారు.

ఆయన వాదించిన చివరి పెద్ద కేసు మైపాడుకు దిగువన ఉన్న రెండు పాళేలది. సముద్రం మీద బతికే ఊళ్ళు. ఒడ్డున లాగుడు వల ఎవరు ఎక్కడ వేయాలన్నది తగవు. ఒక సాయంత్రం అది కొట్లాటగా మారింది. చీకట్లో తెడ్లు, కర్రలు లేచాయి. కింది పాళెం యువకుడు ఒకడు తల పగిలి ఇసుకలోనే ప్రాణం వదిలాడు. పై పాళెం యువకుణ్ణి ముద్దాయి చేశారు. చూశామని చెప్పినవాళ్ళలో ఒక్కరు తప్ప అంతా కొట్లాటలో తామూ చెయ్యి చేసుకున్నవాళ్ళే. అసలు బలమంతా చనిపోయినతని భార్య మాటలో ఉంది. ఆమె నమ్మకంగా చెబితే ఇతనికి ఉరి తప్పదు.

ముద్దాయి వాళ్ళన్న మా వరండాలోకి వచ్చి, గొంతు తగ్గించి ఆమె నడవడి గురించి ఒక మాట అన్నాడు. "అది అడగండయ్యా క్రాసులో. సిగ్గుతో కుంగిపోద్ది, ఇంకేం చెప్పలేదు" అన్నాడు.

"నిజమా అది?" అన్నారు మామగారు.

"నిజమైతే ఏంది, కాకపోతే ఏందయ్యా? మావాడు బతకాల గదా!"

"ఆ మాట అడిగే ప్లీడర్లు ఉండారు. వకాల్తా వాళ్ళకిచ్చుకో అబ్బయ్యా, నేనేం అనుకోను" అన్నారు. అతను చాలాసేపు అరుగు మీద కూర్చుని, ఏడ్చి, మామగారికే వదిలేసి పోయాడు.

ఆ రోజు సాయంత్రం ఆమె పోలీసుల ముందు చెప్పిన మాటలు చదువుతున్నాను. దెబ్బ పడే ముందు తన భర్త ముద్దాయి పేరు పెట్టి అరిచాడని ఆమె చెప్పింది. పోలీసులకు అదే పెద్ద రుజువు. మామగారు నన్ను ఆపి, "ఆ అరిచిన మాట నువ్వు అరువమ్మా" అన్నారు. నేను కోపంగా ఆ పేరు పలికాను. ఆయన తల కొంచెం పక్కకు వంచి విన్నారు. "ఇంకో రకంగా అనలేవా?" అన్నారు. నాకు అర్థం కాలేదు. ముద్దాయీ, చనిపోయినతనూ పిల్లప్పుడు ఒకే తెప్ప మీద వేటకు పోయేవాళ్ళని, జైల్లో ముద్దాయి చెప్పాడట. అది చెప్పి, "ఇప్పుడు అను" అన్నారు. అన్నాను. ఆ కాగితం మడిచి ఒళ్ళో పెట్టుకున్నాను.

కోర్టులో ఆమె బోనెక్కింది. నాకంటే చిన్నది. సర్కారు ప్లీడరు అడిగినదానికి తల దించుకుని, "ఈయనే తెడ్డుతో కొట్టినాడు, నేను చూసినా" అని అప్పజెప్పింది. మామగారు లేచారు. చేత్తో బల్ల అంచు పట్టుకుని, ఆమె ఉన్నవైపు కాక కొంచెం పక్కకు తిరిగి నిలబడ్డారు. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. నాకు కన్నీళ్ళు వచ్చాయి.

"అమ్మా, నాకు కళ్ళు సరిగా కనపడవు. నువ్వు ఏదన్నా ఒక మాటంటే ఎటు తిరగాల్నో తెలుస్తుంది."

"ఏమనాలయ్యా?" అంది ఆమె.

"అది చాలు తల్లీ" అని సరిగ్గా ఆమె వైపు తిరిగారు. ప్రశ్న అడగలేదు. జడ్జిగారితో, "అయ్యా, బయట వరండాలో ఒక పసిబిడ్డ ఇందాకటినుంచి ఏడుస్తోంది. ఈ అమ్మ గొంతు వింటే ఆ బిడ్డ ఈమెదేననిపిస్తోంది. పాలిచ్చి రానివ్వండి. నేను ఆగుతాను" అన్నారు.

ముద్దాయి వాళ్ళన్న నా వెనక నిలబడి, "అయిపోయింది, బయట మళ్ళీ నూరిపోస్తారు" అని తల పట్టుకున్నాడు. జడ్జిగారు ఒప్పుకున్నారు. ఆమె వెళ్ళి పాలిచ్చి వచ్చింది. వచ్చినప్పుడు తల దించుకోలేదు. తిట్లు పడడానికి సిద్ధమై వచ్చిన మనిషి, ఎదుట తిట్టేవాళ్ళు లేక ఏం చెయ్యాలో తోచనట్టుగా ఉంది.

"ఆ పొద్దు గాలి ఉండిందా అమ్మా?"

"ఉండింది. ఇసక లేస్తా ఉండింది."

"నువ్వు అలల కాడ ఉండావా, గుడిసె కాడ ఉండావా?"

"గుడిసె కాడ."

"అంతమందిలో, చీకట్లో, మీ ఆయన్ని ఎట్టా పోల్చుకున్నావు?"

"గొంతునుబట్టి. పేరు పెట్టి అరిచినాడు."

"ఎవురి పేరు?"

ఆమె ముద్దాయి వైపు చూపించింది. ఆయనకు కనపడదని గుర్తొచ్చి నోటితో చెప్పింది.

"వాళ్ళిద్దరూ చిన్నప్పుడు ఒక తెప్ప మీద పోయినోళ్ళు గదా?"

"అవునయ్యా."

"అయితే బాగా గుర్తు తెచ్చుకుని చెప్పమ్మా. తొందర లేదు. ఎట్టా అరిచినాడు? తిట్టినట్టా, పిలిచినట్టా?"

ఆమె పెదవులు కదిలాయి. లోపల ఆ కేకను మళ్ళీ వింటోందని నాకు తెలిసిపోయింది.

"పిలిచినట్టు" అంది.

ఆ మాట అన్నాక ఆమె ఇంక జడ్జిగారి వైపూ చూడలేదు, మామగారి వైపూ చూడలేదు. ముద్దాయి వైపు తిరిగి, "నిన్ను పిలిచినాడు రా! సాయం రమ్మని పిలిచినాడు. ఎందుకు రాలేదురా నువ్వు?" అంది.

ముద్దాయి బోను కటకటాలు పట్టుకుని, "గాలికి నాకు ఇనపడలా వదినా" అని బావురుమన్నాడు.

జడ్జిగారు ఇద్దరినీ ఊరుకోమన్నారు. మామగారు ఇంకేమీ అడగకుండా కూర్చున్నారు. సర్కారు ప్లీడరు లేచి, చూశానని పోలీసులకు ఎందుకు చెప్పావని అడిగారు. "అందరూ వాడే అన్నారు. పేరు ఇన్నా గదా, చూసినట్టే అనిపించింది. మొహం చూళ్ళేదయ్యా" అంది. ఆయన కూడా కూర్చుండిపోయారు. ఎవరు కొట్టారో రుజువు కాలేదని ముద్దాయిని విడిచిపెట్టారు.

రిక్షాలో ఇంటికి వస్తూ అడిగాను. "మామయ్యా, అతను నిజంగా కొట్టలేదంటారా?"

"నాకు తెలియదమ్మా" అన్నారు. చేతికర్ర ఒళ్ళో సర్దుకుని, "వాళ్ళు తెలిసినట్టు మాట్లాడి ఒకణ్ణి చంపబోతే ఆపినాము. నా పని అంతవరకే" అన్నారు. ఆ జవాబు నాకు చాలాకాలం మింగుడుపడలేదు. ఇప్పుడు అనిపిస్తుంది, ఆయనలో నేను అన్నిటికంటే నమ్మింది ఆ 'తెలియదు' అన్న మాటనేనని.

కొన్నాళ్ళకు విడుదలైన ఆ అబ్బాయి మా ఇంటికి వచ్చాడు. దండం పెట్టి వెళ్ళకుండా నిలబడ్డాడు. ఆమెను అత్తింటివాళ్ళు వెళ్ళగొట్టారని, పక్క పాళెంలో అమ్మ గుడిసెలో బిడ్డతో ఉంటోందని, చనిపోయినతనికి వలలో ఉన్న వాటా కూడా ఇవ్వడం లేదని చెప్పాడు. "నేను పోయి అడిగితే ఇంకా చేటు అయ్యా" అన్నాడు.

మామగారు ఆ రాత్రి భోజనం దగ్గర అన్నం కెలుకుతూ కూర్చున్నారు. "నేను అడిగిన ప్రశ్నకు ఆ అమ్మ నిజం చెప్పింది. నేను ఇంటికొచ్చి హాయిగా కూర్చున్నా" అన్నారు. పొద్దున్నే మైపాడు బస్సెక్కాం. కోటు వేసుకోలేదు. పంచె, చొక్కా, చేతికర్ర. బస్సు దిగి ఇసుకలో చాలా దూరం నడిచాం.

కింది పాళెంవాళ్ళు ఆరేసిన వలల దగ్గర గుమిగూడారు. వాళ్ళ పెద్ద ముందుకొచ్చి, "మా మనిషి పోతే, వాణ్ణి ఇడిపించిందీ నువ్వే. మళ్ళీ మా గడ్డ మీదికే వచ్చినావా?" అన్నాడు. వెనక కుర్రవాళ్ళు దగ్గరికి జరిగారు. నేను మామగారి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"మీ కోడలి కోసరం వచ్చినా. నా మీద కోపముంటే నన్ను అనండి. ఆమెను ఎందుకు పంపించినారు?"

"కోర్టులో మాట మార్చి మా పరువు తీసింది."

"మాట మార్చలా. మీ వాడు ఆఖరున ఏమన్నాడో అది చెప్పింది. మీరెవురన్నా అడిగినారా ఆమెను, ఆయన ఎట్టా అరిచినాడని?"

వలల వెనక కూర్చుని చేపలు ఎండేస్తున్న ఒక ముసలమ్మ లేచి వచ్చింది. చనిపోయినతని తల్లి. కోర్టుకు వచ్చిన మగవాళ్ళెవరూ ఆమెకు ఆ సంగతి చెప్పినట్టు లేదు. మామగారిని కాదు, నన్ను అడిగింది.

"ఎట్టా అరిచినాడంట నా కొడుకు?"

నేను మామగారి వైపు తిరిగాను. మామగారు నా చెయ్యి నొక్కారు. "చెప్పమ్మా" అన్నారు.

"సాయానికి పిలిచినాడంట పెద్దమ్మా. ఆ అబ్బాయినే. పేరు పెట్టి" అన్నాను.

ముసలమ్మ కాసేపు సముద్రం వైపు చూసింది. "అట్టనే పిలస్తాడు" అంది. "చిన్నప్పటినుంచీ అంతే. కాలికి ముల్లు గుచ్చుకున్నా నన్ను పిలవడు, వాణ్ణే పిలస్తాడు." కొంగుతో మొహం తుడుచుకుంది. పాళెం పెద్ద ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది. "నా కొడుకు ఆఖరి మాట దాని చెవిలోనే గదరా పడింది. దాన్ని ఎవురింట్లో పెట్టినారు మీరు?" అని, ఇక ఎవరి జవాబుకూ ఆగకుండా, ఆ ఎండలో పక్క పాళెం దారి పట్టింది. కాసేపటికి పెద్ద కూడా తలగుడ్డ సర్దుకుని ఆమె వెనకే నడిచాడు.

మేము తిరుగు బస్సు కోసం నిలబడి ఉండగా, ముసలమ్మ మనవరాలిని చంకనేసుకుని వస్తూ కనిపించింది. ఆ వెనక కోడలు. నేను చూసింది చూసినట్టు మామగారికి చెప్పాను. "నవ్వతా ఉందా?" అని అడిగారు. లేదు, ఏడుస్తోంది అన్నాను. "సరే, అదీ మంచిదే" అన్నారు. వలలో వాటా ఆమెకు దక్కింది. ఆమె తర్వాత చేపల గంపతో నెల్లూరికి రావడం మొదలుపెట్టింది. మాది చేపలు తినే ఇల్లు కాదు. అయినా వారానికోసారి వచ్చి అరుగు మీద కూర్చుని మామగారితో గాలి గురించీ, వేట గురించీ మాట్లాడి పోయేది.

మామగారు ఆ ఏడాదే ప్రాక్టీసు మానేశారు. చూపు పూర్తిగా పోయింది. చిన్న ప్లీడర్లు సాయంత్రాలు వచ్చి కాగితాలు చదివి వినిపించేవారు. ఎక్కువగా వాళ్ళనే మాట్లాడనిచ్చి, చివర్లో ఒక్క ప్రశ్న అడిగేవారు. దాంతో వాళ్ళు ఆలోచనలో పడి వెళ్ళిపోయేవాళ్ళు. చీకటి గురించి ఆయన బాధపడగా నేను వినలేదు. నా కూతురు పుట్టినప్పుడు మాత్రం, దాని మొహమంతా వేళ్ళతో తడిమి, చాలాసేపు చెయ్యి తీయలేదు.

ఆయన పోయిన రోజు మధ్యాహ్నం పాడె లేచింది. మా ఇళ్ళలో ఆడవాళ్ళు గడపదాకే. నేను, అత్తగారు వాకిట్లో ఆగిపోయాం. అప్పుడే చేపల గంపతో ఆమె వచ్చింది. బజారులో ఎవరో చెప్పారట. గంప మా గోడ పక్కన దించి, కొంగు నడుముకు చుట్టుకుని, ఎవరినీ అడగకుండా నల్లకోట్ల వెనక నడవడం మొదలుపెట్టింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"రావా అక్కా?"

నేను అత్తగారి వైపు చూశాను. ఆవిడ స్తంభాన్ని పట్టుకుని నిలబడి ఉన్నారు. "నన్ను చూస్తావేంది? పో" అన్నారు.

పెన్న అప్పటికే ఎండిపోయి ఉంది. ఎక్కడో దూరంగా సన్నటి పాయ. మిగతాదంతా ఇసుకే, నిప్పులాంటి ఇసుక. అందులో నడవడం నాకు చేతకాదు. అడుగు వేస్తే మడమ దాకా కూరుకుపోతోంది. పాడె చాలా ముందుకు వెళ్ళిపోయింది. ఆమె ఆగి, చెయ్యి చాచింది. పట్టుకున్నాను. ఆమె చేతికి ఉప్పు వాసన. కాలివేళ్ళు ఇసుకలో గుచ్చి ఎలా నడవాలో చూపిస్తూ, నా అడుగుకు తన అడుగు కలుపుతూ, నన్ను మెల్లగా ఆ మనుషుల దాకా నడిపించింది.